నాన్న ఇంటి దూలాలను పలకలుగా కోయాలి: ఏ బ్యాండ్‌సా, ఏ బ్లేడు?

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. కొన్నేళ్ళుగా సెలవు రోజుల్లో ఇంటి వెనుక రేకుల షెడ్డులో చెక్కపని చేస్తున్నారు. పీటలు, పుస్తకాల అరలు, ఒక ఉయ్యాల బల్ల ఇప్పటికే చేశారు. మదనపల్లె దగ్గరి పల్లెలో నాన్న కట్టించిన ఇంటిని అన్నయ్య కిందటేడు పడగొట్టించి కొత్తది మొదలుపెట్టారు. పాత ఇంటి టేకు దూలాలు పదకొండు ఈమె షెడ్డుకు చేరాయి. ఒక్కొక్కటి సుమారు ఆరంగుళాల మందం, ఎనిమిది అంగుళాల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు. వాటిని పలుచని పలకలుగా కోసి, తనతో కలిపి తోబుట్టువులు నలుగురికీ తలా ఒక మూత పెట్టె చేసి ఇవ్వాలని ఆమె కోరిక. పక్కపక్కనే ఉన్న రెండు పలకలను పుస్తకం విప్పినట్లు తెరిచి అతికితే టేకు చారలు రెండు వైపులా ఒకేలా వస్తాయి కదా, మూతలు అలా ఉండాలంటారు.

స్నేహితురాలి దగ్గరున్న చిన్న బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) మీద ఆరంగుళాల ముక్కను కోసి చూశారు. బ్లేడు పక్కకు పోయింది. పలక పై అంచున మందంగా, కింది అంచున పలుచగా వచ్చింది, మధ్యలో పొట్ట కూడా వచ్చింది. చెక్క కాలిన వాసన వేసింది. ఆ బ్లేడు వెడల్పు 6 మిల్లీమీటర్లు, అంగుళానికి 10 పళ్ళు. తప్పు తన చేతిదా, యంత్రానిదా అన్నది ఆమెకు తేలలేదు.

దుకాణాల్లో ఒకరు చిన్న బల్లమీది యంత్రం చాలన్నారు, మరొకరు చక్రం వ్యాసం 14 అంగుళాలున్నది కొనమన్నారు, ఇంకొకరు వాడిన 18 అంగుళాల త్రీ ఫేజ్ యంత్రం చూపించారు. మేస్త్రి మాత్రం టేబుల్ సా (బల్ల మధ్య నుంచి పైకి లేచే గుండ్రటి రంపం) మీద రెండు వైపుల నుంచి కోసేయవచ్చు అంటున్నారు. భర్త లక్షన్నర ఖర్చు ఎందుకు, కోత మిల్లుకు పంపితే పోయేదానికి అంటున్నారు. ఆయనకు వేళ్ళు తెగుతాయన్న భయం ఉంది, పై వాటాలో అద్దెకున్నవాళ్ళు శబ్దానికి ఖాళీ చేస్తారేమోనన్న దిగులు ఉంది. అన్నయ్య ఈమధ్య ఫోనులో ‘ఆ దూలాలు అమ్మేస్తే మంచి ధర వస్తుంది’ అన్నారట. ఏ యంత్రం కొనాలి, ఏ బ్లేడు వేయాలి, ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

*

అమ్మా,

మీరు కోసిన ఆ ముక్క గురించి ముందు మాట్లాడుకుందాం. మీ మనసులో అది పెద్ద అనుమానాన్ని మిగిల్చింది, దానికి కారణం మాత్రం చాలా స్పష్టం. తప్పు మీ చేతిది కాదు, ఆ చిన్న యంత్రానిది కూడా కాకపోవచ్చు. బ్లేడు ఆ పనికి చేసింది కాదు.

రంపంలో పన్ను ఎంత ముఖ్యమో, పన్నుకూ పన్నుకూ మధ్య ఉన్న గుంట అంత ముఖ్యం. పన్ను గీకిన పొట్టును చెక్క దాటి బయట పారబోసేవరకు మోసుకుపోయే గంప అది. అంగుళానికి 10 పళ్ళున్న బ్లేడు ఆరంగుళాల చెక్కలోకి దిగితే ఒకేసారి 60 పళ్ళు లోపల ఉంటాయి. వాటి మధ్య గుంటలు చిన్నవి. చెక్కలో సగం దూరం వెళ్ళేసరికే నిండిపోతాయి. ఆ తర్వాత పన్ను చెక్కను కోయదు, పొట్టును రుద్దుతుంది. మీకు వచ్చిన కాలిన వాసన అదే. పొట్టు ఎక్కడికీ పోలేక బ్లేడును పక్కకు నెడుతుంది. మీరేమో కదలడం లేదని ఇంకాస్త గట్టిగా తోస్తారు. 6 మిల్లీమీటర్ల బ్లేడుకు ఆ తోపుడును తట్టుకునే బలం లేదు. పైన, కింద గైడ్లు పట్టుకుని ఉంటాయి కనుక మధ్యలో విల్లులా వంగుతుంది. పలకలో వచ్చిన పొట్ట ఆ వంపు గుర్తు.

అదే చెక్కలో అంగుళానికి 3 పళ్ళున్న బ్లేడు వేస్తే లోపల ఉండేవి 18 పళ్ళే. గుంటలు లోతుగా ఉంటాయి, పొట్టు బయటకు పోతుంది, మీరు తోయవలసిన బలం బాగా తగ్గుతుంది. కోసిన ముఖం కొంచెం గరుకుగా ఉంటుంది, చిత్రికతో అది పోతుంది. నిలువు కోతకు అంగుళానికి 2 నుంచి 3 పళ్ళు, పన్ను ముందుకు కొద్దిగా వంగిన హుక్ రకం అడగండి. యంత్రం సంగతి ఏమైనా సరే, ముందు స్నేహితురాలి యంత్రానికి సరిపోయే 3 పళ్ళ బ్లేడు ఒకటి కొనండి. ఆ యంత్రం పట్టగలిగినంత వెడల్పుది తీసుకుని అదే మందం చెక్కను మళ్ళీ కోసి చూడండి. లక్షన్నర నిర్ణయానికి ముందు చేయదగిన అతి చవకైన పరీక్ష ఇది. మీ షెడ్డులో వాసం ముక్కలు కూడా ఉన్నాయన్నారు, వాటి మీద చేయండి. దూలాల జోలికి అప్పుడే పోవద్దు.

కోత ఒక పక్కకే లాగుతుంటే దానికి ఇంకో కారణం ఉండవచ్చు. చాలా బ్లేడ్లు ఫెన్సుకు (చెక్కను ఆనించి నెట్టే అడ్డపట్టీకి) సరిగ్గా సమాంతరంగా కోయవు, వాటికి తమదైన ఒక వాలు ఉంటుంది. పనికిరాని ముక్క మీద అంచుకు సమాంతరంగా గీత గీసి, ఫెన్సు లేకుండా ఆ గీత వెంట చేత్తో సగం దాకా కోయండి. యంత్రం ఆపి, ముక్కను కదపకుండా అది బల్ల మీద ఏ కోణంలో నిలిచిందో చూసి ఫెన్సును ఆ కోణానికి తిప్పండి. బ్లేడు మార్చినప్పుడల్లా ఇది మళ్ళీ చూసుకోవాలి.

ఇక పదకొండు దూలాల లెక్క. మీ ఉత్తరం చదువుతూ నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న పెట్టెకు మూత, అడుగు, నాలుగు పక్కలు కలిపి సుమారు 22 చదరపు అడుగుల పలక కావాలి. నాలుగు పెట్టెలకు 90 అనుకోండి. ఒక దూలం పై పొరలు శుభ్రం చేశాక 140 మిల్లీమీటర్ల మందం మిగిలిందనుకుందాం. 10 మిల్లీమీటర్ల పలకలు కోస్తూ, ఒక్కో కోతకు బ్యాండ్‌సా ఒక మిల్లీమీటరు పైచిలుకు తింటుందనుకుంటే, పన్నెండు పలకలు వస్తాయి. ఎనిమిది అంగుళాల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న పన్నెండు పలకలంటే 64 చదరపు అడుగులు. మేకుల చోట్లు, చీలికలు, పాత బెజ్జాల కింద మూడో వంతు పోయినా, మూడు దూలాలతో నలుగురి పెట్టెలకూ పలకలు వస్తాయి. కాళ్ళకు, చట్రాలకు నాలుగోది. మిగిలిన ఏడు దూలాలను ముట్టుకోనవసరమే లేదు.

అందుకే యంత్రం కంటే ముందు అన్నయ్య విషయం తేల్చుకోమంటున్నాను. మీ ఉత్తరంలో యంత్రాల గురించి రెండు పేజీలకు పైగా ఉంది, అన్నయ్య ఫోను గురించి ఒక్క వాక్యం ఉంది. దూలాలు మీ షెడ్డులో ఉన్నంత మాత్రాన అవి మీ ఒక్కరివి అయిపోవు. కోసిన దూలాన్ని మళ్ళీ దూలం చేయలేము. ఆయన ‘అమ్మేద్దాం’ అన్నది డబ్బు కోసమా, కొత్త ఇంటి ఖర్చు మీద పడి అన్నారా, లేక ఊరికే ఒక మాట అన్నారా అన్నది మీకే తెలియాలి. ‘అన్నయ్యా, నలుగురికీ పెట్టెలు చేయడానికి నాకు నాలుగు దూలాలు చాలు, మిగతా ఏడింటి సంగతి నువ్వు, అక్క, తమ్ముడు ఎలా అంటే అలా’ అని మీరే ఫోను చేసి చెబితే, ఆయన అమ్మకం మాటకూ మీ పెట్టెల కోరికకూ మధ్య గొడవ చాలావరకు ఉండదు. ఆయన పదకొండూ అమ్మాలనే పట్టుబడితే మీ వాటా కింద దాదాపు మూడు వస్తాయి. ఆ మూడూ పలకలకే సరిపోతాయి, చట్రాలకు వేరే టేకు కొనుక్కోవచ్చు. అడిగితే కాదంటారేమోనన్న జంకుతో అడగకుండా కోయడం మాత్రం వద్దు. పెట్టె అందుకున్న రోజున ఆయన దానిని మీరు కోరుకున్నట్లు చూడలేకపోవచ్చు.

మీవారు అన్న కోత మిల్లు మాట తీసిపారేయదగినది కాదు. మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్‌లో అలాంటి మిల్లులకు కొదవ లేదు. కొనవలసిన యంత్రం లేదు, నేర్చుకోవలసిన పని లేదు. అయితే వాటి వెడల్పాటి బ్లేడు ఒక్కో కోతకు రెండు మూడు మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. 10 మిల్లీమీటర్ల పలకలను అక్కడ నమ్మకంగా కోయించలేము, 12 పెట్టించాలి. అప్పుడు అదే 140 మిల్లీమీటర్లలో తొమ్మిది పలకలే వస్తాయి. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో వరుస తప్పకుండా కట్ట కట్టించుకోవాలంటే మీరు అక్కడే నిలబడి నంబర్లు వేసుకోవాలి, లేకపోతే మీ మూతల మీద చారలు కలవవు. పైగా పాత ఇంటి కలప అనగానే మిల్లు వాళ్ళు మేకుల భయంతో వెనకాడతారు. బ్లేడు దెబ్బతింటే ఖర్చు మీదే అని ముందే చెబుతారు. అందులో అన్యాయం ఏమీ లేదు.

మేకుల విషయంలో వాళ్ళ భయం మీకూ ఉండాలి. దూలం మీద వాసాలు కూర్చున్న చోటల్లా మేకు ఉంటుంది, తల విరిగి లోపలే మిగిలినవి పైకి కనిపించవు. ఇనుము టేకుతో కలిసిన చోట నల్లగా మరక పడుతుంది. అలాంటి మరక ఉన్న ప్రతిచోటా మేకు ఉందనుకునే వెతకండి. భద్రతా సిబ్బంది చేతిలో ఉండే లాంటి లోహాన్ని పసిగట్టే కర్ర ఒకటి కొనండి, నాలుగు ముఖాల మీదా నెమ్మదిగా జరపండి. దొరికిన ప్రతి మేకు చుట్టూ సుద్దతో గీయండి. ఉలితో చుట్టూ తవ్వి పట్టకారుతో లాగండి, రాకపోతే ఆ చోట అడుగు పొడవు ముక్కను కోసి పక్కన పెట్టి చట్రాలకు వాడండి. ఒక దూలానికి ఒక పూట పట్టినా నష్టం లేదు. పైనున్న పాత రంగు పొరను ఇసుక కాగితంతో పొడిగా గీకవద్దు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. తడిపి గీకి, వచ్చిన చెత్తను సంచిలో కట్టేయండి.

బ్లేడు ఏ లోహానిది అన్న ప్రశ్నకు జవాబు ఈ మేకుల దగ్గరే ఉంది. మామూలు కార్బన్ స్టీలు బ్లేడు చవక, మొదటి రోజు చక్కగా కోస్తుంది. కానీ టేకులో సిలికా ఉంటుంది, అది పన్నును త్వరగా మొద్దు చేస్తుంది. కార్బైడ్ పళ్ళ బ్లేడు టేకును ఎంతో కాలం కోస్తుంది, కోసిన ముఖం కూడా నున్నగా వస్తుంది. కానీ ధర చాలా ఎక్కువ, చిన్న యంత్రాల చట్రం ఇవ్వలేనంత బిగువు అడుగుతుంది, దాగిన మేకు ఒక్కటి తగిలితే పళ్ళు రాలిపోతాయి. మీ కలపకు నేను బైమెటల్ బ్లేడు వైపు మొగ్గుతాను. వెన్ను వంగే ఉక్కుది, పళ్ళ అంచు హైస్పీడ్ స్టీలుది. మేకు తగిలితే దానికీ దెబ్బే, అయినా చిన్న మేకు ఒకటి దాటి బతికే అవకాశం దీనికి ఎక్కువ. కొన్ని కార్బన్ స్టీలు బ్లేడ్లు కూడా తెచ్చి పెట్టుకోండి. మరకలున్న పై పొరలను వాటితో తీసేసి, శుభ్రమైన లోపలి చెక్కకు వచ్చాక బైమెటల్ వేయండి.

బ్లేడు ఎంత వెడల్పైతే కోత అంత తిన్నగా వస్తుందని దుకాణదారు చెప్పింది సగం నిజం. వెడల్పు ఎక్కువైతే బ్లేడు తిన్నగా పోతుంది, కానీ తగినంత బిగిస్తేనే. 14 అంగుళాల చక్రాల యంత్రం మీద ముప్పావు అంగుళం వరకు పడుతుందని కాగితం మీద రాసి ఉండవచ్చు. దాని చట్రం అంత బ్లేడును గట్టిగా బిగించలేకపోతే, బాగా బిగిసిన అర అంగుళం బ్లేడు దానికంటే తిన్నగా కోస్తుంది. ఇంతకంటే ముఖ్యమైనది మందం. ఎస్.జె.పి. రోడ్డులోనూ పీణ్యా చుట్టుపక్కలా పొడవు చెబితే చుట్ట నుంచి కోసి వెల్డింగ్ చేసి ఇచ్చే దుకాణాలకు వెళతారు కదా, అక్కడ ఎక్కువగా కనిపించేది ఇనుము కోసే యంత్రాల బ్లేడు. 27 మిల్లీమీటర్ల వెడల్పు, 0.9 మందం. ఎంత మంచిదైనా అది 14 అంగుళాల చక్రం చుట్టూ నిమిషానికి వందలసార్లు వంగి లేస్తూ కొద్ది రోజుల్లోనే అడ్డంగా పగులుతుంది. మీ చక్రానికి 0.6 మిల్లీమీటర్లు, లేదా అంతకంటే పలుచనిది కావాలి. వెళ్ళే ముందు చక్రం వ్యాసం, బ్లేడు పొడవు, వెడల్పు, మందం, అంగుళానికి పళ్ళు, ఈ అయిదూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వెల్డింగ్ చేసిన చోట వేలితో తడిమి చూడండి. గడ్డ తగిలితే అక్కడే సానబెట్టించుకోండి.

మేస్త్రి చెప్పిన టేబుల్ సా పద్ధతి వద్దు. నాలుగంగుళాల వరకు అనుభవమున్నవాళ్ళు చేస్తారు. ఎనిమిది అంగుళాల పాత దూలంలో, లోపలి బిగువు విడిపోయి కోత మూసుకుపోయే చెక్కలో, బ్లేడు ముక్కను మీ మీదికి విసురుతుంది. కోతకు మూడు మిల్లీమీటర్లు పోవడం దాని ముందు చిన్న విషయం.

ఇప్పుడు యంత్రం. మీకు కావలసిన సంఖ్య ఒక్కటే: పై గైడు కింద దూలం ఎంత ఎత్తుగా నిలబడాలి? ఎనిమిది అంగుళాల వెడల్పున్న పలకలు కావాలంటే ఎనిమిది అంగుళాలు. పాత దూలం ఎప్పుడూ చెప్పిన కొలతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కనుక పది ఉండాలి. బల్లమీది చిన్న యంత్రాల్లో చాలావరకు నాలుగు, అయిదు అంగుళాల దగ్గర, మీ స్నేహితురాలిది లాంటివి ఆరు దగ్గర ఆగిపోతాయి. వాటి మోటారుకు ఆ ఎత్తు టేకును రోజంతా కోసే శక్తి కూడా ఉండదు. అలాగని దానిని పూర్తిగా కొట్టేయను. పెట్టె పక్కలను నాలుగంగుళాల పట్టీలుగా అతికి చేయడానికి మీరు ఒప్పుకుంటే, మిల్లులో దూలాన్ని పట్టీలుగా కోయించి తెచ్చుకుని ఇంట్లో చిన్న యంత్రంతో పలుచగా చీల్చవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. మూత మీద ఎనిమిది అంగుళాల పలకల జంట రాదు, నాలుగంగుళాల జంటలు వస్తాయి. అవీ అందంగానే ఉంటాయి, కానీ మీ ఊహలో ఉన్న మూత అది కాదు.

పోత ఇనుముతో చేసిన పాత తరహా 14 అంగుళాల యంత్రాలకు కోత ఎత్తు ఆరంగుళాలు. కొన్నింటికి స్తంభం మధ్యలో ఒక దిమ్మ పెట్టి పన్నెండు చేయవచ్చు. అప్పుడు బ్లేడు పొడవు 93.5 అంగుళాల నుంచి 105కు మారుతుంది. దిమ్మ పెట్టినంత మాత్రాన మోటారు బలం పెరగదు, ఒక హార్స్‌పవర్‌తో ఎనిమిది అంగుళాల టేకు అంటే ఓపికకు పరీక్ష. ఉక్కు రేకుతో పెట్టెలా చేసిన చట్రం, పదికి పైగా అంగుళాల ఎత్తు, ఒకటిన్నర నుంచి రెండు హార్స్‌పవర్ మోటారు ఉన్న 14 అంగుళాల యంత్రం దొరికితే కొత్తవాటిలో మీకు తగినది అదే. మీ లక్షన్నర పరిమితిలో అది వస్తుందో లేదో అడిగేటప్పుడు బ్లేడ్లు, పొట్టు లాగే గొట్టం, వైరింగు కూడా కలిపి లెక్క వేయండి.

మీరు చూసిన వాడిన 18 అంగుళాల యంత్రం నన్ను కాస్త ఊరించింది. పెద్ద చక్రం మీద బ్లేడు తక్కువ అలసిపోతుంది, బరువైన చట్రం బ్లేడును బాగా బిగిస్తుంది. కొనే ముందు కరెంటు తీసేసి చక్రాలను చేత్తో తిప్పి చూడండి. అటూ ఇటూ ఊగకూడదు, బేరింగు గరగరలాడకూడదు, చక్రం మీది రబ్బరు పగిలి ఉండకూడదు. ఇలాంటి కొన్ని పాత యంత్రాలకు చక్రాల మీద మూతలు ఉండవు. మూతలు లేని యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వవద్దు, లేదా ముందు మూతలు చేయించండి. త్రీ ఫేజ్ మోటారును ఇంటి సింగిల్ ఫేజ్ మీద నడపడానికి వి.ఎఫ్.డి. (సింగిల్ ఫేజ్ కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చే పరికరం) పెట్టుకోవచ్చు, లేదా మోటారే మార్చవచ్చు. ఆ ఖర్చు యంత్రం ధరలో కలపండి. దానిని షెడ్డులోకి దించడానికి నలుగురు మనుషులు, గట్టి నేల కావాలి.

నాకు ఎక్కువగా నచ్చేది ఇంకో దారి, అది మీవారి మాటకూ మీ కోరికకూ కూడా చోటిస్తుంది. ఎనిమిది అడుగుల దూలం ఒక్కోటి దాదాపు యాభై కిలోలు ఉంటుంది. ఏ బ్యాండ్‌సా కొన్నా, ఆ బరువును బల్ల మీద తిన్నగా పట్టుకుని పలుచని పలక తీయడం ఒక్కరి పని కాదు. మేకులు తీసేసిన దూలాలను మిల్లుకు తీసుకెళ్ళి, మందాన్ని సగం చేస్తూ ఒక్క కోత కోయించండి. మూడంగుళాల మందం, ఎనిమిది అంగుళాల వెడల్పు, పాతిక కిలోల ముక్కలు వస్తాయి. వాటిని పెట్టె పొడవుకు కాస్త ఎక్కువ ఉంచి అడ్డంగా కోస్తే పది కిలోలకు దిగుతాయి. అప్పుడు మీరు ఒక్కరే ఇంట్లో కోయగలరు. మిల్లు కోత ఒక్కటే కనుక అక్కడ పోయే చెక్క కొద్దిపాటిది.

ఇలా సిద్ధం చేసిన మూడు దూలాల చెక్కను చీల్చడం కొన్ని వారాంతాల పని. ఆ తర్వాత ఆ యంత్రంతో ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు మీ దగ్గర నిజమైన జవాబు ఉంటే కొనండి. పీటలు, అరలు చేసే మనిషికి మందపాటి చెక్క కొని ఇంట్లోనే పలుచగా చీల్చుకోవడం నిజంగా పెద్ద ఆదా, వంపు కోతలకూ అది రోజూ పనికొస్తుంది. జవాబు తట్టకపోతే, పెద్ద యంత్రం ఉన్న ఏదైనా ఫర్నిచర్ పనిశాలలో రోజు కూలి ఇచ్చి, మీ బ్లేడు మీరే తీసుకెళ్ళి, వాళ్ళ మనిషి పక్కనుండగా కోసుకోవచ్చు. మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్కపని యంత్రాల మీద శిక్షణ ఇస్తారు. మీకు వీలైన రోజుల్లో ఉంటే చేరండి, కొనాలా వద్దా అన్నది అక్కడ యంత్రం ముందు నిలబడ్డాక మీకే తెలుస్తుంది.

మీవారి భయాలకు విడివిడిగా జవాబు చెప్పండి, అన్నీ కలిపి ఒకేసారి వాదించవద్దు. వేళ్ళ విషయంలో ఆయన భయం న్యాయమైనదే. బ్యాండ్‌సా చెక్కను కిందికి, బల్ల మీదికి నొక్కుతుంది, టేబుల్ సాలాగా వెనక్కి మీ మీదికి విసరదు. ఆ లెక్కన టేబుల్ సా కంటే ఇది నయం. కానీ వేలిని మాత్రం అంతే సులువుగా కోస్తుంది. పై గైడును చెక్కకు ఆనుకునేంత కిందికి దించి ఉంచడం, చివరి జానెడు చెక్కను చేత్తో కాక తోపుడు కర్రతో నెట్టడం, చేతికి గ్లవుజులు వేసుకోకపోవడం, ఈ మూడూ తప్పకుండా చేస్తానని ఆయనకు చూపించండి. మొదటి కోతల్లో ఆయననే అవతలి వైపు నిలబెట్టి పలకను అందుకోమనండి. దూరం నుంచి ఊహించుకునే భయం దగ్గర నిలబడితే తగ్గుతుంది.

శబ్దం సంగతి. బ్యాండ్‌సా గుర్రుమంటుంది, టేబుల్ సాలాగా కీచుమనదు. నిజానికి పక్కనున్న పొట్టు లాగే వ్యాక్యూమే ఎక్కువ మోగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45. యంత్రం కింద రబ్బరు పరచండి, ఆదివారం మధ్యాహ్నం నిద్ర వేళ వదిలేయండి. పై వాటా వాళ్ళకు ఏ రోజు ఏ వేళ కోస్తారో ముందే చెప్పండి. వ్యాక్యూమును మాత్రం శబ్దానికి భయపడి ఆపవద్దు. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1995లోనే కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. టేకు పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మంచి ఎన్-95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

కరెంటు: రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు పది ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. షెడ్డుకు విడిగా లావు వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ పెట్టించండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగతో నడిపితే మోటారు వేడెక్కి త్వరగా పోతుంది. బెస్కాం దగ్గర మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతో బిల్లు మీదే ఉంటుంది, చూసుకోండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు మొదలుకొని ఈ దేశంలో కలప కోసే మిల్లుల మీద నియంత్రణ గట్టిపడుతూ వచ్చింది, 2016లో కేంద్రం వాటికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మీరు దుంగలు కోయడం లేదు, మీ ఇంటి పాత కలపను మీ కోసం చీల్చుకుంటున్నారు. అయినా బ్యాండ్‌సా అన్న యంత్రం పేరే అటవీ అధికారుల చెవిన పడే పేరు. ఆ దూలాలు పాత ఇంటివని చూపించే కాగితాలు, ఇల్లు పడగొట్టక ముందు తీసిన ఫొటోలు, రాష్ట్రం దాటించినప్పటి రవాణా కాగితం ఒక సంచిలో పెట్టండి. రేపు ఇతరుల కలప కోసి డబ్బు తీసుకునే ఆలోచన వస్తే, మొదటి రూపాయి తీసుకోకముందే మీ రేంజి అటవీ కార్యాలయంలో అడగండి.

కోసే రోజున ప్రతి పలక చివర సుద్దతో నంబరు వేయండి, ముక్క ముఖాన్ని ప్రతి కోతకూ ముందు చిత్రికతో తిన్నగా చేయండి, అప్పుడే తర్వాతి పలకకు ఒక వైపైనా చదునుగా ఉంటుంది. కోసిన పలకలు ఒకటి రెండు రోజుల్లో వంగవచ్చు. దూలం ఎంత పాతదైనా లోపలి చెక్కకు గాలి తగలడం అదే మొదలు. వరుస చెడకుండా, మధ్యలో సమానమైన పుల్లలు పెట్టి పేర్చి, పైన బరువు పెట్టి రెండు వారాలు వదిలేయండి. 10 మిల్లీమీటర్లలో మీకు చివరికి దక్కేది 7 లేదా 8.

ఉత్తరం చివర అడిగారు, పని అయిపోయాక రోజూ బ్లేడు బిగువు సడలించాలా అని. మర్నాడు మళ్ళీ కోస్తారనుకుంటే అక్కర్లేదు. వారం పది రోజులు ముట్టుకోరనుకుంటే సడలించండి, చక్రాల రబ్బరు మీద గుంటలు పడవు, స్ప్రింగు చాలాకాలం వస్తుంది. సడలించినప్పుడు ‘బిగువు లేదు’ అని రాసిన అట్టముక్కను స్విచ్చుకు తగిలించండి. సడలిన బ్లేడుతో యంత్రం వేస్తే అది చక్రం మీద నుంచి జారిపోతుంది.